నెల్లూరు డాక్టరు దొర, ఉత్త తిత్తి పిట్ట

మా ఇంట్లో ఒక తుపాకి ఉంది. ఉంది అంటే, ఇప్పుడు ఇంట్లో లేదు, పోలీస్ స్టేషన్లో ఉంది. ఎలక్షన్లు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి కదా, అలా పోయినసారి ఇచ్చినదాన్ని నాన్న ఇంకా వెనక్కి తెచ్చుకోలేదు. లైసెన్సు తాత పేరు మీద ఉండేది. తాత ఇప్పుడు లేడు. పేరన్నా మార్పించుకోవాలి, లేదా ప్రభుత్వానికి ఇచ్చేయాలి. ఇచ్చేద్దామని నాన్న, వద్దని నేను. జేజి మాత్రం ఏమీ మాట్లాడదు.

ఈ గొడవ నడుస్తుండగానే నాకు జెర్డన్ పరిచయమయ్యాడు. చనిపోయి 150 ఏళ్ళు దాటిన మనిషి. ఈ సంచికకి ఎవరిదైనా జీవితకథ రాసివ్వమని మన క్లబ్ వాళ్ళు అడిగినప్పుడు నాకు ఇంకెవరూ గుర్తు రాలేదు.

ముందు మా తాత తుపాకి సంగతి చెప్పాలి. అది తెలియకపోతే జెర్డన్ చేసిన పని ఎలాంటిదో అర్థం కాదు.

మాది సూళ్ళూరుపేట వైపు, పులికాట్ సరస్సుకి దగ్గర్లో ఒక చిన్న ఊరు. సముద్రపు గాలికి మా సవక తోపులో చెట్లన్నీ పడమటికి కాస్త ఒరిగి ఉంటాయి. సవక అంటే మీలో కొంతమంది సరుగుడు అంటారే, అదే. తోపు పక్కన వేరుశెనగ చేను. రాత్రిళ్ళు పందులు పడి చేను దున్నేస్తుంటే, పంట కాపలాకి తాతకి లైసెన్సు ఇచ్చారట. గొట్టం మూతి నుంచి మందు నింపే పాతకాలం రకం. పందిని ఎప్పుడన్నా కొట్టాడో లేదో నాకు తెలీదు. నాకు తెలిసింది మాత్రం సంక్రాంతి. పండగ పోయాక, ఓటికుండలు పోగేసి, తోపు చివర ఇసక దిబ్బకి ముందు గుంజల మీద బోర్లించి, తాత వాటిని కొట్టేవాడు. మా నేల, మా కుండలు, వెనక దిబ్బ, దిబ్బ వెనక ఎవరూ ఉండరు. పిల్లలం తాత వెనక ఇరవై అడుగుల దూరంలో కూర్చోవాలి. లేచినవాడికి ఆ రోజు అరిసెలు బంద్.

తూటా అని విడిగా ఏమీ ఉండదు. ప్రతి దెబ్బనీ అప్పటికప్పుడు చేత్తో తయారు చేసుకోవాలి. ఇత్తడి కొలత గొట్టంతో మందు కొలిచి పోయాలి. దాని మీద కొబ్బరి పీచు ఉండ పెట్టి కడ్డీతో అదమాలి. సీసపు రవ్వలు పోసి, మళ్ళీ ఇంకో ఉండ. చివర్న గుర్రం కింద చిన్న రాగి టోపీ. గుర్రం టోపీ మీద పడితే నిప్పు, నిప్పు లోపలికి పోతే దెబ్బ. దీనికంతా రెండు నిమిషాలు. గురి తప్పితే మళ్ళీ మొదట్నుంచి. అందుకే తాత ఊరికే పేల్చేవాడు కాదు. కుండ కన్నా ముందు గోడకి పాత పేపరు అంటించి ఒక దెబ్బ వేసేవాడు. పేపర్లో ఎన్ని చిల్లులు పడ్డాయి, ఎంత మేర పడ్డాయి అని లెక్కపెట్టడం నా డ్యూటీ. ఉండ వదులుగా ఉంటే రవ్వలు చెల్లాచెదురు. కొలత ఒక్కటైతే, అదిమిన బలం ఒక్కటైతే, చిల్లులూ దాదాపు ఒకేలా పడతాయి. సెకండియర్లో ఎర్రర్ అనాలిసిస్ చెబుతుంటే క్లాసులో నా ఒక్కడికే అది పాత పేపరు మీద కనపడింది.

ఇంక జెర్డన్ దగ్గరికి వద్దాం.

ఒక ఏడాది ఫ్లెమింగో పండగ రోజుల్లో ఒక క్విజ్‌లో కలివికోడికి ఇంగ్లీషు పేరేమిటని అడిగారు. జెర్డాన్స్ కోర్సర్. నాకు రాలేదు, పక్క టీమ్ చెప్పేసింది. ఎవడ్రా ఈ జెర్డన్ అని ఆ రాత్రి ఫోన్లో వెతికితే, తేలిందేమిటంటే, ఆయన మా నెల్లూరు సివిల్ సర్జన్!

థామస్ కేవర్‌హిల్ జెర్డన్ 1811లో ఇంగ్లండ్ ఉత్తరాన డరమ్ ప్రాంతంలో పుట్టాడు. కుటుంబం మాత్రం స్కాట్లండ్ సరిహద్దు వాళ్ళది. ఎడిన్‌బరో యూనివర్సిటీలో వైద్యం చదివాడు. అక్కడే ప్రకృతి శాస్త్రం క్లాసులకీ వెళ్ళాడు. అది మన ఓపెన్ ఎలెక్టివ్ లాంటిది అనుకోండి, ఆయన జీవితాన్ని నడిపింది మాత్రం ఆ ఎలెక్టివే. చదువయ్యాక ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంట్ సర్జన్ ఉద్యోగం. 1836 ఫిబ్రవరిలో ఇండియాలో దిగాడు, అప్పటికి వయసు 24.

మొదటి పోస్టింగు గంజాం. తూర్పు కనుమల పక్కన, జ్వరాలూ విరేచనాలతో పడిపోతున్న సిపాయిలకి మందులివ్వడం డ్యూటీ. పొద్దున ఆస్పత్రి, మిగతా టైములో పిట్టలు. తర్వాత గుర్రపుదళానికి డాక్టరుగా తిరుచిరాపల్లి, అక్కడి నుంచి దక్కన్‌లో జాల్నా. దండు ఎక్కడికి కదిలితే ఆయన అక్కడికి, ఆయన ఎక్కడికెళ్తే తుపాకీ అక్కడికి.

ఎందుకు తుపాకి? మనకిప్పుడు జూమ్ లెన్సులున్నాయి. అప్పట్లో ఫొటోగ్రఫీ అప్పుడప్పుడే పుడుతోంది, ఎగిరే పిట్టని పట్టే కెమెరా లేదు. ఒక పిట్టది కొత్త జాతి అని నిరూపించాలంటే దాని తోలు చేతిలో ఉండాలి. ముక్కు పొడవు, రెక్క పొడవు కొలవాలి, ఇంకోదాని పక్కన పెట్టి పోల్చాలి. అంటే ముందు దాన్ని కొట్టాలి. ఆ కాలంలో పక్షిశాస్త్రం అంటే సగం గురి, సగం కత్తి, సూది, దూది.

ఇక్కడే మా తాత కొలత గొట్టం నాకు గుర్తొచ్చింది. రెడీమేడ్ తూటాల కాలం కాదది. జెర్డన్ తరం వాళ్ళు కూడా ప్రతి దెబ్బా చేత్తోనే నింపుకున్నారు. ఆ రాగి టోపీ పద్ధతికి మూలం కూడా పక్షుల వేటే. పాత చెకుముకి తుపాకిలో ముందు బయట మెరుపు వస్తుంది, ఆ తర్వాతే దెబ్బ. ఆ సందులో పిట్ట లేచిపోతుంది. స్కాట్లండ్‌లో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే పాస్టరు ఈ బాధ పడలేక, దెబ్బ తగిలితే మండే మందుతో కొత్త ఏర్పాటు కనిపెట్టి 1807లో పేటెంటు తీసుకున్నాడు. దాని నుంచే తర్వాత టోపీలు వచ్చాయి. బాతులు తప్పించుకుపోతున్నాయని ఒక పాస్టరు పడ్డ విసుగు ప్రపంచంలో సైన్యాలన్నిటి తుపాకుల్నీ మార్చేసింది.

పిట్టలు కొట్టేవాడికి ఇంకో చిక్కుంది. రవ్వ పెద్దదైతే పిచ్చుకంత పిట్ట ముక్కలైపోతుంది, కొలవడానికి ఏమీ మిగలదు. అందుకని చిన్న పిట్టలకి ఇసకలాంటి సన్న రవ్వలు, తక్కువ మందు. చంపాలి, కానీ చెడగొట్టకూడదు. ఈ వాక్యం రాస్తుంటే నాకే ఏదోలా ఉంది, కానీ ఆ పని అదే. తర్వాత గాయంలో దూది కుక్కాలి, నెత్తురు ఈకలకి అంటకుండా తోలు ఒలవాలి, పురుగు పట్టకుండా పాషాణం కలిపిన సబ్బు రాయాలి, చీటీ కట్టాలి. మన ఎండలో ఇదంతా కొన్ని గంటల్లో అయిపోవాలి.

ఇంత చేసినా ఒకసారి అంతా బూడిదలో పోసినట్టయింది. తాను పోగేసిన పిట్టల్ని గుర్తుపట్టి చెప్పమని స్కాట్లండ్‌లో సర్ విలియం జార్డిన్ అనే పెద్ద పండితుడికి ఓడలో పంపాడు. అక్కడ పెట్టె తెరిచేసరికి పిట్టల్ని చిమ్మట కొట్టేసింది. మనమైతే ప్రాజెక్టు మార్చేసుకుంటాం. ఆయన మాత్రం, ఇక ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు, నేను చూసింది నేనే తేల్చుకుంటాను అన్నట్టు దక్షిణ భారతదేశపు పక్షుల జాబితా తయారు చేశాడు. 1839, 40లలో మద్రాసు జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్‌లో అది అచ్చయింది. 400కి పైగా జాతులు. అంతకుముందు కర్నల్ సైక్స్ వేసిన జాబితాకి దాదాపు రెట్టింపు.

1841లో నీలగిరుల్లో ఫ్లోరా అనే ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే నెల్లూరు సివిల్ సర్జన్‌గా వచ్చాడు. నా లెక్కలో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. అప్పుడు నెల్లూరుకి రైలు లేదు. తూర్పున సముద్రం, ఉప్పుటేళ్ళు, పులికాట్. పడమట వెలిగొండలు. ఈ రెండింటి మధ్య ఒక డాక్టరు, ఒక తుపాకి. కానీ ఊరూ భాషా కొత్తయిన మనిషికి ఏ పొద కింద ఏముందో ఎలా తెలుస్తుంది?

యానాదులు చెప్పారు. మన తీరమంతా వాళ్ళున్నారు. ఇప్పుడు రాకెట్లు ఎగురుతున్న శ్రీహరికోట అప్పుడు దట్టమైన అడవి, అందులో ఉండేది యానాదులు. ఏ పాము ఏ పుట్టలో ఉంటుందో, ఏ పిట్ట ఏ వేళకి కూస్తుందో వాళ్ళకి తెలుసు. నెల్లూరులో ఉండగా జెర్డన్ వాళ్ళని అడిగి జంతువుల పేర్లు, అలవాట్లు నేర్చుకున్నాడు. తర్వాత రాసిన పెద్ద పుస్తకంలో ఎన్నో పక్షులకి లాటిన్ పేరు పక్కనే తెలుగు పేరు కూడా రాశాడు. మనకి మన భాషలో పిట్టల పేర్ల పాత పట్టిక ఏదైనా ఉందీ అంటే, అందులో ఒక పెద్ద భాగం ఒక స్కాట్లండ్ డాక్టరు చెవిలో పడి బతికినదే.

ఆ పేర్లలో ఒకటి నన్ను పట్టుకుంది. నెల్లూరు వెనక కొండల వైపు, కడప వైపు, రాళ్ళూ ముళ్ళపొదలూ ఉన్న నేలలో ఒక పిట్ట దొరికింది. పగలు కనపడదు, రాత్రిపూట పొదల మధ్య పరిగెత్తుతుంది. మెడా రొమ్ముల మీద రెండు గోధుమరంగు పట్టీలు. జెర్డన్ ద్వారా అది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసే ఎడ్వర్డ్ బ్లైత్‌కి చేరింది. 1848లో బ్లైత్ దాన్ని కొత్త జాతిగా ప్రకటించాడు. ప్రపంచానికి అది జెర్డన్ పిట్ట అయింది. జెర్డన్ మాత్రం తన పుస్తకంలో దాని తెలుగు పేరు అడవి ఉత్త తిత్తి అని రాసుకున్నాడు. ఉత్త తిత్తి, అంటే ఖాళీ సంచి. ఆ పేరు ఎందుకొచ్చిందో మరి. దాని కోసం వెళ్ళినవాడి సంచి ఖాళీగానే తిరిగొస్తుందనేమో అని నా ఊహ.

దాని తెలుగు పేరు డాక్టరుకి చెప్పినవాళ్ళ పేరు ఏ చీటీ మీదా లేదు. నన్ను ఎక్కువగా కుట్టింది అదే. కొట్టిన పిట్ట కొలతలు దశాంశాల దాకా ఉన్నాయి, దాన్ని చూపించిన మనిషి పేరు మాత్రం లేదు.

ఇదే రోజుల్లో, 1843కీ 1847కీ మధ్య, మద్రాసులో ఆయన భారతీయ పక్షుల బొమ్మల పుస్తకం తెచ్చాడు. 50 బొమ్మలు, చాలావరకు మన చిత్రకారులు వేసినవే. తర్వాత తలచేరికి బదిలీ. సముద్రం పక్కనే కాబట్టి చేపలు మొదలుపెట్టాడు, కాళ్ళ కింద చూసి చీమలు కూడా. 1851లో దక్షిణ భారతపు చీమల మీద ఆయన రాసిన జాబితాలో గెంతే చీమ ఒకటుంది. హార్పెగ్నాథస్ సాల్టేటర్. 2010లో శాస్త్రవేత్తలు దాని జీనోమ్ మొత్తం చదివేశారు. చీమకి తుపాకి అక్కర్లేదు కాబట్టి ఆ పని చేసేటప్పుడు ఆయన చేతులు కాస్త విశ్రాంతిగా ఉండుంటాయి.

ఆ తర్వాత మళ్ళీ గుర్రపుదళం, సాగర్ కంటోన్మెంట్. 1857 గొడవలు సద్దుమణిగాక వైస్రాయి కానింగ్ ఆయనకి ఒక వరమిచ్చాడు. ఆస్పత్రి పని పక్కన పెట్టి భారతదేశపు జంతువుల మీద పుస్తకాలు రాయమని. బర్డ్స్ ఆఫ్ ఇండియా 1862 నుంచి 64 దాకా సంపుటాలుగా వచ్చింది. వెయ్యికి పైగా జాతులు, ఒక్కోదానికీ ఒక నంబరు. తర్వాతి తరం వాళ్ళు పిట్ట పేరు బదులు జెర్డన్ నంబరు చెప్పుకునేవాళ్ళు. డార్విన్ 1871లో మనిషి పుట్టుక మీద రాసిన పుస్తకంలో మన దేశపు పిట్టల సంగతి వచ్చినచోటల్లా జెర్డన్ పేరు వస్తుంటుంది.

మనకి సంబంధించిన ముక్క ఇంకోటి. 1867లో ఆయన క్షీరదాల పుస్తకం అచ్చయింది ఎక్కడో తెలుసా? రూర్కీలో, థామసన్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రెస్సులో! ఇప్పటి ఐఐటీ రూర్కీ. కాలువలు, వంతెనల పుస్తకాల మధ్య నుంచి పులులూ గబ్బిలాలూ బయటికొచ్చాయి. ఇంజనీరింగ్ కాలేజీలో లిటరరీ క్లబ్ ఎందుకని మనల్ని అడిగేవాళ్ళకి ఇక నుంచి ఇదే నా జవాబు.

ఒంట్లో బాగుండక 1870లో ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. 1872 జూన్ 12న లండన్ శివారు నార్వుడ్‌లో చనిపోయాడు. 60 ఏళ్ళే. అందులో సగానికి పైగా మన ఎండలోనే గడిచాయి.

మరి ఉత్త తిత్తి పిట్ట ఏమైంది? 1900 ప్రాంతంలో అనంతపురం వైపు కనపడిందన్నారు. ఆ తర్వాత 80 ఏళ్ళకి పైగా ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు బొమ్మలు పట్టుకుని ఊరూరా వెతికారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. చేత్తో! పిట్ట మాత్రం తర్వాత బతకలేదు. అయినా అది ఉందని తేలింది. ఈసారి చూపించినవాడి పేరు కూడా నిలిచింది. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి అన్నారు. దాని కోసం లంకమల అభయారణ్యం వచ్చింది, 1988లో స్టాంపు వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా పక్కకి మార్చారు. ఇప్పటికీ ప్రపంచంలో అత్యంత ప్రమాదంలో ఉన్న పక్షుల్లో అదొకటి.

తర్వాత దాన్ని వెతికిన పద్ధతి చూస్తే మన బ్రాంచి వాళ్ళకి ముచ్చటేస్తుంది. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే అడుగుల గుర్తులు చూస్తారు. దాని దారిలో ఆటోమేటిక్ కెమెరాలు పెడతారు. కూత రికార్డు చేసి వినిపించి జవాబు కోసం చెవులొగ్గుతారు. గురి అదే, ఓపిక అదే, కొలత కూడా అదే. చివర్లో పిట్ట మాత్రం నడిచి వెళ్ళిపోతుంది.

జెర్డన్‌ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన ఆ రవ్వలు కొట్టకపోతే మనకి వెతకాల్సిన పిట్ట ఒకటుందనే తెలిసేది కాదు. ఆయనే ఒకచోట రాశాడు, కర్ణాటిక్‌లో, అంటే ఈ తూర్పు తీరపు సీమలో, ఒక ఊరి నడుమ పొట్టి చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకోవడం చూశాడట. తరతరాలుగా కడుతున్నాయని ఊరివాళ్ళు చెప్పారట. మనుషులు అంత దగ్గర్లో తిరుగుతున్నా అవి లెక్కచేయలేదట. జీవితమంతా తుపాకి చప్పుడుకి పిట్టలు లేచిపోవడం చూసిన మనిషికి, అవి లేవకుండా ఉండే ఊరు ఎలా కనపడిందో నాకు తెలుసుకోవాలని ఉంటుంది.

అది ఏ ఊరో నాకు తెలీదు. మాకు మాత్రం నేలపట్టు ఉంది. పోయిన జనవరిలో జేజిని తీసుకెళ్ళాను. చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు కిక్కిరిసి ఉన్నాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలాలకి మంచి ఎరువని ఆ ఊరివాళ్ళ నమ్మకం. కాలేజీ బైనాక్యులర్స్ జేజి కళ్ళకి పెడితే చాలాసేపు తియ్యలేదు. అప్పుడు చెప్పింది, కొంగలు గూళ్ళు కట్టే నెలల్లో తాత తోపులో తుపాకి బయటికి తీసేవాడు కాదట, చప్పుడుకి గుడ్ల మీది నుంచి లేస్తాయని. సంక్రాంతి ఒక్క రోజు మాత్రం మా కోసం తీసేవాడట, అది కూడా గాలి చూసుకుని, తోపు అవతలి చివర. నేనింతకాలం ఆ మూల ఎంచుకున్నది ఇసక దిబ్బ కోసమే అనుకున్నాను.

తుపాకి ఇచ్చేద్దామని జేజి ఆ సాయంత్రం బస్సులో తనంతట తనే అంది. అప్లికేషన్ నేనే రాశాను, నాన్న సంతకం పెట్టాడు. మందు కొలిచే ఇత్తడి గొట్టం మాత్రం నేను అడిగి తీసుకున్నాను. హాస్టల్లో నా టేబుల్ మీద ఉంది. రూమ్మేట్స్ అదేదో వర్క్‌షాప్ నుంచి కొట్టుకొచ్చిన పార్టు అనుకుంటున్నారు.